పిల్లి లిట్టర్ బాక్స్ బయట పోస్తోందా? డాక్టరా, ఆపరేషనా, కొత్త లిట్టరా: ముందు దేనికి ఖర్చు పెట్టాలి

పిల్లి ఇంట్లో ఎక్కడపడితే అక్కడ మూత్రం పోయడం మొదలుపెట్టిందంటే తలా ఒక సలహా ఇస్తారు. లిట్టర్ (బాక్సులో పోసే మట్టి లాంటిది) మార్చమని ఒకరు, మూత ఉన్న బాక్స్ కొనమని ఇంకొకరు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే అన్నీ సర్దుకుంటాయని మరొకరు. పెద్దవాళ్ళైతే "ఎక్కడైనా దూరంగా వదిలేసి రారాదూ" అనేస్తారు. చివరిది తప్ప మిగతావన్నీ ఏదో ఒక పిల్లికి పనిచేసేవే. మీ పిల్లికి ఏది పనిచేస్తుందన్నది మాత్రం షాపువాడు చెప్పలేడు, రివ్యూలూ చెప్పలేవు. అది ఎక్కడ పోస్తోంది, ఎలా పోస్తోంది, ఎంత పోస్తోంది అన్నదాన్ని బట్టే తేలుతుంది. అందుకే ఏదైనా కొనే ముందు ఒకటి రెండు రోజులు దాన్ని గమనించమంటాను. ఒక్క సందర్భంలో మాత్రం ఆ ఒకటి రెండు రోజులు కూడా ఆగకూడదు.

ఇలా ఉంటే ఈ పేజీ మూసేసి బయల్దేరండి

మగపిల్లి మాటిమాటికీ బాక్సులోకి వెళ్తోంది. కూర్చుని ముక్కుతోంది, ఒక చుక్కో రెండు చుక్కలో పడుతున్నాయి, లేదంటే అసలేమీ రావడం లేదు. లేచి వచ్చి కింద తెగ నాక్కుంటోంది. కాసేపటికి మళ్ళీ అదే వరస, ఈసారి బాత్రూం నేల మీద. పొట్ట కింద చెయ్యి పెడితే అరుస్తోంది. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుని ఓ పూట చూద్దామనుకుంటారు. ఇది మూత్రనాళం మూసుకుపోవడం కావచ్చు. మగపిల్లికి ఆ నాళం చాలా సన్నం. సన్నటి ఇసుకలాంటి స్ఫటికాలో, జిగురులాంటి పదార్థమో అడ్డుపడితే చాలు. మూత్రం బయటికి పోకపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె మీద పడుతుంది, 24 నుంచి 48 గంటల్లో ప్రాణం పోవచ్చు. రాత్రి అయినా, ఆదివారం అయినా డాక్టర్ని పట్టుకోవాల్సిందే. క్యాథెటర్ (సన్నటి గొట్టం) వేసి మూత్రం తీసేస్తే చాలా పిల్లులు కోలుకుంటాయి.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర మాత్రం వేయకండి. పారాసెటమాల్ మనకి మామూలు మందు, పిల్లికి విషం. ఒక్క మాత్ర కూడా చంపగలదు.

నిలబడి చిమ్ముతోందా, కూర్చుని పోస్తోందా

ఎమర్జెన్సీ కాదని తేలాక మొదట చూడాల్సింది ఇదే. పిల్లి గోడకి వెనుక తిరిగి నిలబడి, తోక నిటారుగా లేపి, తోక కొస వణికిస్తూ కొంచెం కొంచెంగా చిమ్ముతోందంటే అది ఒంటికి రావడం వల్ల కాదు. అది తన హద్దు గుర్తు పెట్టుకుంటోంది. తలుపు వారగా, కర్టెన్ అంచున, సోఫా వెనక, చెప్పుల స్టాండు మీద మరకలు ఒక జాన పైన మొదలై కిందికి కారి ఉంటాయి, వాసన ఘాటుగా ఉంటుంది. కూర్చుని పోసేదైతే నేల మీదో పరుపు మీదో మడుగు కడుతుంది.

చిమ్మే పిల్లికి లిట్టర్ మార్చడం డబ్బు దండగ. ఆపరేషన్ కాని మగపిల్లి అయితే ఆపరేషనే మొదటి ఖర్చు. పదిలో తొమ్మిది మగపిల్లులు ఆ తర్వాత చిమ్మడం మానేస్తాయి, లేదా బాగా తగ్గిస్తాయి. అయితే ఒంట్లో ఉన్న హార్మోన్ తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి మర్నాడే ఫలితం కనపడదు. ఆడపిల్లి కూడా ఎదకొచ్చినప్పుడు చిమ్మవచ్చు, దానికీ మందు అదే.

ఆపరేషన్ అయిపోయిన పిల్లి చిమ్ముతుంటే కిటికీ బయట చూడండి. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళలో, కారిడార్ వైపు కిటికీ ఉన్న ఫ్లాట్లలో బయటి పిల్లి ఏదో వచ్చి కూర్చుంటూ ఉంటుంది. లోపలి పిల్లికి అది చాలు. కిటికీ కింది సగానికి మసక స్టిక్కర్ అంటించి, గుమ్మం దగ్గర బయటి పిల్లులకి అన్నం పెట్టే అలవాటు ఉంటే ఆ చోటు కాస్త దూరానికి మార్చండి. వందల రూపాయలతో అయ్యే పని, పిల్లిని శాంతపరిచే వాసన వదిలే వేల రూపాయల ఫెరమోన్ డిఫ్యూజర్ కన్నా ముందు చేయాల్సింది.

డాక్టర్ దగ్గర దేనికి ఒప్పుకోవాలి

కూర్చుని పోసే పిల్లిని, ముఖ్యంగా ఇన్నాళ్ళూ చక్కగా బాక్సులో పోసి ఇప్పుడు మానేసిన పిల్లిని, ఒకసారి డాక్టర్‌కి చూపించాకే బాక్సు జోలికి వెళ్ళాలి. పోసేటప్పుడు మంట పుడితే, ఆ మంటకి కారణం బాక్సే అనుకుని అది బాక్సుకి దూరం జరుగుతుంది. మెత్తటి దుప్పటి మీదో చల్లటి టైల్స్ మీదో పోస్తుంది. ఆ పిల్లికి ఎంత ఖరీదైన లిట్టర్ తెచ్చినా ఒకటే.

క్లినిక్కులో సాధారణంగా రెండు దారులు ఎదురవుతాయి. ఒకటి, పరీక్షలేమీ లేకుండా యాంటీబయాటిక్ ఇంజెక్షను, వారం మందులు. రెండోది, మూత్ర పరీక్ష, కుదిరితే పొట్ట స్కానింగ్. మొదటిది చవక, వెంటనే అయిపోతుంది. అయినా నేను రెండోదే చేయించమంటాను, కారణం చెబుతాను.

పదేళ్ళ లోపు పిల్లుల్లో ఇలాంటి మూత్ర సమస్యలు వచ్చినప్పుడు సగానికి పైగా కేసుల్లో ఇన్‌ఫెక్షనూ దొరకదు, రాయీ దొరకదు. మూత్రాశయం వాచి ఉంటుంది, అంతే. డాక్టర్లు ఇడియోపతిక్ సిస్టయిటిస్ అంటారు. దాని వెనక టెన్షన్ పెద్ద కారణం: ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం, ఇంట్లో పెళ్ళి సందడి, పక్కన డ్రిల్లింగ్ పనులు. వయసులో ఉన్న పిల్లికి బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ రావడం తక్కువే. ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఈ వాపు చాలాసార్లు వారం రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. ఆ వారంలో ఇంజెక్షన్ చేయించినవాళ్ళు ఇంజెక్షన్ పనిచేసిందంటారు, లిట్టర్ మార్చినవాళ్ళు లిట్టర్ పనిచేసిందంటారు. రెండు నెలలకి మళ్ళీ వస్తుంది. అప్పుడు అదే మందు, అదే ఖర్చు. అసలు కారణాన్ని ఎవరూ ముట్టుకోలేదు కదా.

పదేళ్ళు దాటిన పిల్లి విషయం వేరు. వాటిలో ఇన్‌ఫెక్షన్లు నిజంగానే ఎక్కువ. కిడ్నీ జబ్బు, షుగరు, థైరాయిడ్ ఎక్కువవడం కూడా చూసుకోవాలి కాబట్టి రక్త పరీక్ష కూడా చేయించాలి. నీళ్ళు ఎక్కువ తాగుతూ పెద్ద పెద్ద మడుగులు పోస్తోందంటే ముందు అనుమానించాల్సింది వీటినే. చుక్కలు చుక్కలుగా, ఎర్రగా పోస్తోందంటే మూత్రాశయం వైపు చూడాలి. ఈ తేడా డాక్టర్‌కి చెప్పండి, మడుగు ఫోటో తీసి చూపించినా మంచిదే.

రాళ్ళు దొరికితే రకం తెలుసుకోండి. స్ట్రువైట్ రాళ్ళు ప్రత్యేకమైన ఆహారంతో కరుగుతాయి, ఆక్సలేట్ రాళ్ళు కరగవు, తీయించాల్సిందే. ఆ యూరినరీ ఫుడ్ కూడా డాక్టర్ చెబితేనే పెట్టాలి, ముందు జాగ్రత్త పేరుతో ఇంటి పిల్లులన్నిటికీ పెట్టేది కాదు.

ప్రైవేటు క్లినిక్కుల ఖర్చు భారమైతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు ఉన్నాయి. వెయిటింగ్ ఉంటుంది, ఓపిక పట్టాలి.

ఖర్చు లేని ఉపాయం నీళ్ళు. నాలుగు కిలోల పిల్లికి తిండిలో వచ్చేదాంతో కలిపి రోజుకి 200 మిల్లీలీటర్ల దాకా నీళ్ళు కావాలి. పొడి గింజలు మాత్రమే తినే పిల్లి అంత తాగదు. విజయవాడ, రామగుండం ఎండల్లో మూత్రం చిక్కబడుతుంది, మంట పెరుగుతుంది. వెట్ ఫుడ్ పౌచ్ కొనగలిగితే మంచిది. లేదంటే ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకుండా ఉడికించిన చికెన్ నీళ్ళు గింజల మీద పోయండి. పాలు దీనికి బదులు కాదు, పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు.

బాక్స్: ఎలాంటిది అన్నదానికన్నా ఎక్కడ అన్నది ముఖ్యం

ఒంట్లో బాగానే ఉందని తేలాక బాక్సు సంగతి. అందరూ మోడల్ చూస్తారు కానీ నా లెక్కలో చోటుది మొదటి స్థానం.

మన ఇళ్ళలో బాక్సు పెట్టే చోట్లు మూడే: బాత్రూం, వాష్ ఏరియా, బాల్కనీ. మూడింటికీ ఇబ్బందులున్నాయి. బాత్రూం నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, పిల్లికి కాళ్ళు తడవడం నచ్చదు, పైగా ఎవరైనా స్నానానికి వెళ్తే తలుపు మూసేస్తారు. బాల్కనీ మే నెల మధ్యాహ్నం పెనంలా కాలుతుంది, వానాకాలంలో జల్లు కొడుతుంది. వాష్ ఏరియాలో వాషింగ్ మెషిన్.

విజయవాడలో మా పిన్ని వాళ్ళ పిల్లి హాల్లో డోర్ మ్యాట్ మీద పోసేది, అదీ పగటి పూటే. రాత్రిళ్ళు మాత్రం బుద్ధిగా బాక్సులోనే. బాక్సు వాషింగ్ మెషిన్ పక్కన ఉండేది. పొద్దున బట్టలు వేస్తే మెషిన్ స్పిన్‌లోకి వచ్చేసరికి కింద గచ్చు కూడా అదిరేది, పిల్లి చెవులు వెనక్కి పెట్టి గుమ్మం దగ్గరే ఆగిపోయేది. బాక్సుని హాల్లో సోఫా వెనక మూలకి మార్చమంటే పిన్ని మొదట ఒప్పుకోలేదు. "వచ్చేవాళ్ళు ఏమనుకుంటారే" అంది. మార్చాక కొన్ని రోజులకే మ్యాట్ తడవడం ఆగింది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

కాబట్టి చోటు ఎంచుకునేటప్పుడు చప్పుడు లేనిది, పొడిగా ఉండేది, తిండి గిన్నెకి దూరంగా ఉండేది, తప్పించుకోవడానికి దారి ఉన్నది చూడండి. ఈ చివరిది రెండు మూడు పిల్లులున్న ఇంట్లో చాలా అవసరం. బెదిరించే పిల్లి దారిలో కూర్చుంటే భయపడే పిల్లి పక్క గదిలో పోసేస్తుంది, తిట్లు కూడా దానికే పడతాయి. అందుకే పిల్లులెన్నో దానికి ఒకటి ఎక్కువగా బాక్సులు పెట్టమంటారు. రెండు బాక్సులు పక్కపక్కన పెడితే పిల్లి దృష్టిలో అవి ఒకటే, వేరువేరు గదుల్లో ఉండాలి. టూ బెడ్‌రూం ఫ్లాట్‌లో మూడు పిల్లులకి నాలుగు బాక్సులు పెట్టలేం అంటే, కనీసం రెండు చివర్లలో రెండు పెట్టి రోజుకి రెండుసార్లు శుభ్రం చేయండి.

ఇక మోడల్. షాపుల్లో అమ్మే బాక్సుల్లో చాలావరకు ఎదిగిన పిల్లికి చిన్నవి. ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి, దానికి ఒకటిన్నర రెట్లు పొడవు ఉండాలి. బట్టలు నానబెట్టే పెద్ద ప్లాస్టిక్ టబ్బు కొని ఒక వైపు అంచు కిందికి కోసి నున్నగా అరగదీస్తే, చాలా ఖరీదైన బాక్సుల కన్నా అదే బాగుంటుంది. వయసు మీరి కీళ్ళ నొప్పులున్న పిల్లికైతే ఆ కోత ఇంకా కిందికి ఉండాలి.

మూత బాక్సు మన ముక్కుకి హాయి. లోపలి వాసన మొత్తం పిల్లి ముక్కుకే పోతుంది. రోజూ శుభ్రం చేసే ఇంట్లో చాలా పిల్లులు దాన్ని పట్టించుకోవు, రెండ్రోజులకోసారి చేసే ఇంట్లో మాత్రం అదే సమస్య అవుతుంది. పైగా బెదిరే పిల్లికి అది ఒకే దారి ఉన్న బోను. నిలబడి ఎత్తుగా పోసే పిల్లికి మూత కన్నా ఎత్తు గోడలున్న టబ్బు మేలు. తనంతట తాను శుభ్రం చేసుకునే మెషిన్ బాక్సుల్ని మాత్రం ఇప్పటికే భయపడుతున్న పిల్లికి కొనకండి.

లిట్టర్: అది పోస్తున్న చోటే దాని ఇష్టం చెబుతుంది

సాధారణంగా పిల్లులకి సన్నగా, మెత్తగా ఉండేది, వాసన కలపనిది నచ్చుతుంది. ఉండ కట్టే బెంటొనైట్ మట్టి లిట్టర్ ఈ లెక్కకి దగ్గరగా ఉంటుంది. మన దేశంలో కచ్‌లోనూ, రాజస్థాన్ బాడ్‌మేర్‌లోనూ ఈ మట్టి దొరుకుతుంది. బరువు, దుమ్ము దీని లోపాలు, టాయిలెట్‌లో వేస్తే పైపు జామ్ అవుతుంది. అయినా ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియనివాళ్ళకి నేను చెప్పేది ఇదే, లావెండర్ వాసన లేని ప్యాకెట్.

సోయా పిప్పితో చేసే టోఫు లిట్టర్ తేలిక, దుమ్ము తక్కువ. గింజలు లావు కాబట్టి కొన్ని పిల్లులు కాలు పెట్టవు. వైజాగ్, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో తెరిచిన ప్యాకెట్‌కి వానాకాలంలో బూజు పట్టే అవకాశం ఉంది, గాలి చొరని డబ్బాలో ఉంచాలి. సిలికా స్ఫటికాలు తడి బాగా పీలుస్తాయి, మార్చడం తక్కువ, కానీ పాదాలకి గుచ్చుకుంటాయని వెనక్కి వచ్చే పిల్లులున్నాయి. చెక్క గుళికలు చవక, పిల్లిపిల్లగా ఉన్నప్పటి నుంచీ అలవాటైతేనే నడుస్తాయి.

వీధిలోంచి తెచ్చిన పిల్లి అయితే ఇవేవీ దానికి తెలియవు, దానికి తెలిసింది మట్టీ ఇసకా. పూలకుండీల్లో పోస్తోందంటే చెబుతున్నది అదే. కుండీ పైన గులకరాళ్ళు పరిచి, బాక్సులో మొదట్లో శుభ్రమైన ఇసకో మట్టో వేయండి. వారాల మీద కొంచెం కొంచెంగా లిట్టర్ కలుపుతూ రండి. కట్టుబడి ఇసక శాశ్వతంగా వాడటం నాకు ఇష్టం లేదు, వాసన ఆపదు, తడిస్తే మోయలేం. కానీ అలవాటు చేయడానికి దానికి మించింది లేదు.

బాత్రూం జాలీ దగ్గరో వాష్ బేసిన్‌లోనో పోస్తున్న పిల్లికి నున్నటి, చల్లటి చోటు నచ్చింది. దానికి ఖాళీ టబ్బు, లేదా అడుగున పలచగా చల్లిన లిట్టర్ పెట్టి చూడండి. పరుపులూ దుప్పట్లే వెతుక్కునే పిల్లికి మొదట డాక్టర్, తర్వాత టబ్బులో పాత తువ్వాలు వేసి మొదలుపెట్టడం.

ఏది కొనాలో తేలకపోతే రెండు టబ్బులు పక్కపక్కన పెట్టి రెండు రకాలు పోయండి. వారంలో ఎందులో ఉండలు ఎక్కువ దొరికితే అది. ఒకేసారి బాక్సు, చోటు, లిట్టర్ మూడూ మార్చేస్తే దేని వల్ల బాగుపడిందో తెలియదు, చెడిపోతే దేన్ని వెనక్కి తిప్పాలో కూడా తెలియదు.

శుభ్రం చేయడానికి: ఫినాయిల్ వద్దు

ఇక్కడ కాస్త గట్టిగానే చెబుతాను. మన ఇళ్ళలో మూత్రం అనగానే చెయ్యి ఫినాయిల్ సీసా మీదికో డెట్టాల్ మీదికో పోతుంది. వీటిలోని ఫినాల్ జాతి రసాయనాల్ని పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు. తుడిచిన నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటే లోపలికి పోతాయి. పిల్లి రాకుండా మూలల్లో కలరా ఉండలు వేసే అలవాటు ఇంకా ప్రమాదం, నాఫ్తలీన్ దానికి విషమే. బ్లీచింగ్ కూడా మూత్రం మీద పోయకండి, అందులోని అమ్మోనియాతో కలిసి మనకీ ఊపిరాడనివ్వని వాయువు వస్తుంది.

వెనిగర్ నీళ్ళు అప్పటికప్పుడు వాసన తగ్గిస్తాయి. కానీ ఎండిన మూత్రంలో మిగిలే యూరిక్ యాసిడ్‌ని అవి పూర్తిగా తీయవు. మన ముక్కుకి పోయిన వాసన పిల్లికి ఇంకా తెలుస్తూనే ఉంటుంది, మబ్బు పట్టి గాలిలో తేమ పెరిగితే మనకీ తెలుస్తుంది. పెంపుడు జంతువుల కోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్ ఒక్కటే దాన్ని విరగ్గొడుతుంది. చల్లి వెంటనే తుడిచేస్తే లాభం లేదు, మూత్రం ఇంకినంత లోతుకీ తడిసేలా పోసి, సీసా మీద రాసినంతసేపు వదిలేసి, దానంతట అదే ఆరనివ్వాలి. ఇదివరకే ఫినాయిల్ కొట్టిన చోటైతే ముందు మామూలు నీళ్ళతో బాగా కడగండి. మరకలు ఎక్కడున్నాయో తెలియకపోతే రాత్రి లైట్లు ఆర్పి యూవీ టార్చ్ వేస్తే కనిపిస్తాయి.

పిల్లి మూతిని ఆ తడిలో రుద్దడం, చెంప మీద కొట్టడం ఎంపికల్లో లేనే లేవు. అది నేర్చుకునేది మిమ్మల్ని చూస్తే భయపడటం ఒక్కటే. తర్వాత మంచం కింద పోస్తుంది, మీకు కనపడకుండా.

ఇవన్నీ అయ్యాక కూడా ఆగకపోతే

ఇక మూడు దారులు. ఫెరమోన్ డిఫ్యూజర్ కొన్ని పిల్లులకి సాయం చేస్తుంది, కొన్నిటికి ఏ తేడా ఉండదు. డబ్బుకి ఇబ్బంది లేకపోతే మిగతావాటితో పాటు పెట్టుకోండి, వాటికి బదులుగా మాత్రం కాదు. రెండోది, చిన్న గది. తిండి, నీళ్ళు, పడక, బాక్సు అన్నీ ఒక గదిలో పెట్టి, రోజూ దానితో కూర్చుని ఆడుతూ కొన్ని వారాలు అక్కడే ఉంచడం. బాక్సు అలవాటు మళ్ళీ కుదిరాక ఒక్కో గదీ తెరవడం. అలవాటు తప్పిన పిల్లికి ఇది బాగా పనిచేస్తుంది, మనుషుల కోసం అల్లాడే పిల్లికి పనిచేయదు.

మూడోది మందు. ఆందోళన వల్ల పోసే, చిమ్మే పిల్లులకి డాక్టర్లు ఫ్లూయోక్సెటిన్ లాంటివి రాస్తారు. పిల్లికి మత్తుమందు ఇస్తున్నామని బాధపడేవాళ్ళున్నారు. రోజంతా భయంతో బతికే పిల్లికి అది ఊరట. పనిచేయడం తెలియడానికి నాలుగైదు వారాలు పడుతుంది. మోతాదు డాక్టరే చెప్పాలి, ఆపేటప్పుడు కూడా మెల్లగా తగ్గిస్తూ ఆపాలి.

ఇంట్లో ఎవరైనా గర్భిణి ఉంటే ఈ గొడవకి కడుపులోని బిడ్డకి హాని చేసే టాక్సోప్లాస్మా క్రిమి భయం కూడా తోడై పిల్లిని బయటికి పంపేస్తారు. ఆ క్రిమి పిల్లి మలంలో వస్తుంది, మూత్రంలో కాదు. మలంలో పడ్డాక అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి బాక్సుని ప్రతిరోజూ ఇంకొకరు శుభ్రం చేస్తే సరిపోతుంది. మార్కెట్ దగ్గరో గుడి దగ్గరో వదిలేయడం మాత్రం ఏ కారణానికీ సరికాదు. ఆకలికీ దాహానికీ గురయ్యేలా జంతువుని వదిలేయడం 1960 జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. ఇంటి పిల్లికి వీధిలో కుక్కల్ని తప్పించుకోవడం రాదు. నిజంగా ఉంచుకోలేకపోతే సమస్యని దాచకుండా చెప్పి, తెలిసిన ఇంట్లో పెట్టండి. పిల్లులు కొట్టుకునే ఇంట్లో చిమ్మిన పిల్లి ఒంటరిగా ఉండే ఇంట్లో మామూలుగా ఉండటం జరిగేదే.

మందుకో గదికో ఫలితం కోసం ఎదురుచూసే ఆ వారాల్లో పరుపు మీద వాటర్‌ప్రూఫ్ కవర్ వేసి పెట్టుకోండి, డోర్ మ్యాట్లు తీసి పైన పెట్టేయండి, పడకగది తలుపు మూసి ఉంచండి.